సీసపు బ్యాటరీకి కాలము చెల్లలేదు

విద్యుచ్ఛక్తిని నిలువచేయు సాధనములను గూర్చి యిటీవల మన దేశమున జరుగుచున్న చర్చ యొంటిదారి పట్టుచున్నదని మాకు తోచుచున్నది. సభలయందును పత్రికలయందును అంగళ్ళయందును లిథియము మాటయే వినబడుచున్నది. సీసపు బ్యాటరీ యనినతోడనే, అది తాతలనాటి సామగ్రి, బరువు, మురికి, నేడో రేపో పోవునది యని పెదవి విరుచువారు విద్యావంతులలోనే హెచ్చుగ నున్నారు. చిత్రమేమనగా, అట్లు పెదవి విరిచిన పెద్దమనుష్యుని మోటారుకారు ప్రొద్దుట మేలుకొనుట సీసపు బ్యాటరీ చలువచేతనే. కరెంటు పోయినపు డాయన హాలులో పంకా తిరుగుచున్నను చాలయిండ్లలో దానికి కారణ మదియే. విద్యుత్తుతో నడచు క్రొత్త కార్లలో సైతము పెక్కింటియందు దీపములకును తాళములకును చిన్న సీసపు బ్యాటరీ నొకదాని నింకను అమర్చుచునే యున్నారు. చేయు చాకిరి యంతయు చేయించుకొని చాకిరి చేయువానిని చులకన చేయుట మన సంఘమున క్రొత్తగాదు గదా!

మేము క్రొత్తదానికి విరోధులము కాము. లిథియము బ్యాటరీ నిజముగ గొప్ప సాధనము. దానికి పునాదులు వేసిన గుడినఫ్, విట్టింగ్‌హాము, యోషినో పండితులకు 2019లో లభించిన నోబెల్ బహుమానము తగినదే. కాని, ఒక వస్తువు గొప్పదగుటచేత రెండవది పనికిమాలినది కానేరదు. ఏది యే పనికి తగునో, ఏది మన చేతులలో నున్నదో, ఏది పరుల చేతులలో నున్నదో విచారింపక మోజునుబట్టి తీర్పు చెప్పుట దేశమునకు మేలుగాదు. అందుచేత నీ సీసపు బ్యాటరీ చరిత్రమును కొంచెము తిరుగవేయవలసి వచ్చినది.

1800 సంవత్సరమున ఇటలీ దేశపు వోల్టా లోహపు బిళ్ళల నొకదానిపై నొకటి పేర్చి విద్యుత్ప్రవాహమును పుట్టించెను. అది మొదలు ఆరు దశాబ్దములవరకు వచ్చిన ఘటము లన్నిటికి నొకటే లోపము. వాని యందలి తుత్తునాగము కరగిపోయినచో పని ముగిసినట్లే. మరల క్రొత్త లోహము పోయవలసినదే. ఈ లోపమును తీర్చినవాడు ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే. 1859లో నాతడు రెండు సీసపు రేకుల నొకదాని నొకటి తాకకుండ నడుమ రబ్బరు పట్టీలనుంచి, చాపచుట్టగ చుట్టి, నీరు కలిపిన గంధకామ్లమున ముంచెను. విద్యుత్తు నెక్కించినపు డొక రేకుపై కపిలవర్ణపు పొర యేర్పడెను. ఎక్కించుట మాని తీగెలను కలిపినచో నెక్కించిన విద్యుత్తు మరల వెలుపలికి వచ్చెను. ఇచ్చిన దానిని దాచి, అడిగినపుడు తిరిగి యిచ్చు ఘటము లోకమునకు దొరకెను. ఈ ప్లాంటే యొక్క విద్యకే కట్టుబడినవాడు కాడు. 1855లో ప్యారిసు సమీపమున నొక బ్రహ్మాండమైన ప్రాచీనపక్షి యెముకలను కనుగొనినవా డీతడే. ఆ పక్షికి గాస్టోర్నిస్ అని యీతని పేరే పెట్టిరి.

ప్లాంటే కనుగొనిన ఘటమునకు రెండు చిక్కు లుండెను. రేకులు బాగుగ పనిచేయుటకు నెలల తరబడి విద్యుత్తు నెక్కించుచు దించుచు వానిని పదును చేయవలయును. రెండవది యింకను పెద్దది. అప్పటికి డైనమో యంత్రము వ్యాప్తిలోనికి రాలేదు. కనుక నీ ఘటమును నింపుటకు మరల ఆ పాతరకపు ఘటములే శరణ్యమయ్యెను. పంట చేతికి రాకముందే గాదె కట్టుకొనిన రైతువంటివాడు ప్లాంటే. గాదె మంచిదే, అందు పోయుటకు గింజలు లేవు. 1870 తరువాత గ్రామ్ మొదలగువారి డైనమోలు వచ్చి గింజలు సమకూడిన పిమ్మటగాని యాతని పనికి విలువ యేర్పడలేదు.

మొదటి చిక్కును తీర్చినవాడును ఫ్రెంచివాడే. 1881లో కామీ ఫోర్ అనునతడు సీసపు రేకులకు సిందూరమును గంధకామ్లముతో కలిపిన ముద్దను పూసి, నెలల పనిని మిక్కిలి కుదించెను. సిందూర మనగా సీసపు భస్మమే. సంస్కృతమున సీసమునకు నాగమనియు సిందూరమునకు నాగసంభవమనియు పేర్లుండుట మన పండితు లెరిగినదే. సీసమనగా పద్యమే జ్ఞప్తికివచ్చు మన సాహిత్యపరులకు లోహము సంగతియు నించుక తెలియుట మంచిదని యీ మాట వ్రాసితిమి. ఆ సంవత్సరముననే ఫోర్ ఘటములు గల పెట్టె యొకటి ప్యారిసునుండి గ్లాస్గో నగరమున నున్న విలియం థామ్సను పండితునకు పంపబడెను. ఈతడే తరువాత కెల్విన్ ప్రభువుగ ప్రసిద్ధి కెక్కినవాడు. మూడు దినములు రైలుమీదను ఓడమీదను ప్రయాణముచేసి వచ్చిన యా పెట్టెలో పదిలక్షల అడుగు పౌనుల శక్తి చెక్కుచెదరక యుండెనని యాతడు ప్రకటించినపుడు ఐరోపా యంతయు విస్మయము చెందెను. మెత్తనైన సీసమునకు బిగువు కలుగుటకు అంజనమును కలిపి జల్లెడవలె పోతపోయు పద్ధతిని సెల్లన్ అనునతడు కనిపెట్టుటయు ఆ సంవత్సరముననే. నేడు మన మోటారు బ్యాటరీలలో నుండు పలకల రూప మిప్పటికే తీరినదన్న మాట.

ఇక వంచకులు రంగమున ప్రవేశించిరి. బ్యాటరీల పేరిట వాటాల కంపెనీలు లేచి ప్రజల సొమ్ము నపహరించెను. ఎడిసను మహాశయుడు విసిగి, ఇదంతయు జనులను మోసగించు పన్నాగ మని మండిపడెను. అంతటితో విడువక, తరువాతి కాలమున సీసమును వెడలగొట్టుటకై యినుము, నికెలులతో వేరొక బ్యాటరీని కల్పించుటకు దాదాపు పదేండ్లు శ్రమించెను. ఆ బ్యాటరీ మంచిదే, గట్టిదే. కాని మోటారుకారునుండి సీసమును తొలగింప నాతని తరము కాలేదు. అది పోవునని నేడు ఘంటాపథముగ చెప్పువారు, ఆ మాటను మొదట చెప్పినది ఎడిసనని జ్ఞప్తియందుంచుకొందురుగాక.

లక్సెంబర్గు అను చిన్న దేశమున హెన్రీ ట్యూడరను యువకుడుండెను. ప్లాంటే ఘటము పుట్టిన 1859లోనే ఈతడును జన్మించెను. రోస్పోర్టు గ్రామమున తమ యింటియొద్ద నీటిచక్రముతో డైనమోను త్రిప్పి, వచ్చిన విద్యుత్తును సీసపు ఘటములందు నిలువచేసి, రాత్రివేళ నిల్లంతయు దీపములతో వెలిగించెను. 1886లో నెక్టెర్నాక్ అను పట్టణమునకు వెలుగు నిచ్చెను. నగరముల పత్రికలు వాదులాడుకొనుచుండగా నొక పల్లెటూరి ఇంజనీరు పనిచేసి చూపించెను. ఏటి నీటిని, ఇంటి డైనమోను, ఇంటి ఘటములను నమ్ముకొనిన యీ పద్ధతికిని, నేడు మన గ్రామములలో డాబాలమీద సూర్యరశ్మి పలకలు పెట్టుకొని రాత్రికి బ్యాటరీలో దాచుకొను పద్ధతికిని పేరులో తప్ప భేదము లేదు. ఏండ్ల తరబడి సీసముతో పనిచేసిన ట్యూడరు తుదకు సీసపు విషముచేతనే వ్యాధిగ్రస్తుడై 1928లో మరణించెను. ఈ సంగతికి మరల వత్తుము.

తరువాతి కథ సంగ్రహముగ చెప్పినను చాలును. గంటకు నూరు కిలోమీటరుల వేగమును మొట్టమొదట దాటిన మోటారుబండి పెట్రోలుతో నడచినది కాదు. 1899లో బెల్జియము దేశీయుడగు జెనాట్జీ సీసపు బ్యాటరీలతోనే ఆ పని చేసెను. అయినను బండి నడపు పనిలో పెట్రోలే గెలిచెను. చిత్రమేమనగా, ఆ గెలిచిన పెట్రోలు బండికే సీసము తోడు కావలసివచ్చెను. చేతితో మర త్రిప్పి యింజనును కదలించు కాలమున ఆ మర యెదురు తిరిగి ఎందరి చేతులనో విరుగగొట్టెను. కెటరింగ్ అను అమెరికా ఇంజనీరు తయారుచేసిన విద్యుత్ సాధనము 1912లో క్యాడిలాక్ కారునకు అమరిన పిమ్మట ఆ బాధ తీరెను. ఆ నాటినుండి సీసపు బ్యాటరీ లేని మోటారు లేదు. సముద్రగర్భమునను దీనిదే పని. 2017లో మన నౌకాదళమున చేరిన కల్వరి జలాంతర్గామి నీటిలో మునిగియున్నపుడు దానిని నడపునవి ఒక్కొక్కటి 750 కిలోల బరువుగల 360 సీసపు ఘటములు. టెలిఫోను కార్యాలయములు, రైలు పెట్టెల దీపములు, వైద్యశాలలు, సెల్‌ఫోను స్తంభములు మొదలగువాని నిచట వివరింప నవసరము లేదు. నీరు పోయనక్కరలేని మూతబిగించిన రకములు 1957 మొదలుకొని క్రమముగ వచ్చి, మందుకొట్టు యంత్రములలో రైతు భుజముమీదికి గూడ నెక్కినవి.

ఇంతకును దీని లోపల జరుగునదేమి? ఒక పలకయం దుండునది సీసపు పెరాక్సైడు. రెండవదానియం దుండునది స్పంజివంటి శుద్ధసీసము. నడుమ నుండునది గంధకామ్లము. విద్యుత్తు వెలుపలికి పోవుచున్నపుడు రెండు పలకలును సీసపు గంధకితముగ మారును, ఆమ్లము పలుచబడును. ఎక్కించినపు డంతయు వెనుకకు మరలును. 1882లో గ్లాడ్‌స్టన్, ట్రైబు అను నిద్దరు రసాయనికులు చెప్పిన యీ వివరణము నేటికిని నిలిచియున్నది. ఒక్కొక్క ఘటము సుమారు రెండు వోల్టుల నిచ్చును. ఆరు కలిపినచో మోటారు బ్యాటరీ. సీసపు పరమాణువు మిక్కిలి బరువైన దగుటచే, అందలి యెలక్ట్రానులు ఐన్‌స్టీను సాపేక్షసిద్ధాంతమునకు లోబడి సంచరించునంతటి వేగము గలవి. ఆ ప్రభావము లేనిచో పండ్రెండు వోల్టులలో సుమారు పది వోల్టులు లేకయే పోవునని 2011లో శాస్త్రజ్ఞులు లెక్క కట్టి చూపిరి. ప్లాంటే కూర్చిన ఘటమునకు తగిన కారణము నూటయేబదేండ్ల తరువాత తెలిసెను. తాతలనాటి సామగ్రి యని నవ్వువా రీ సంగతిని గమనింతురుగాక.

దీని లోపములను దాచుట మా యుద్దేశము కాదు. కిలో బరువునకు సీసపు బ్యాటరీ ముప్పది నలువది వాట్ గంటలకు మించి నిలువచేయలేదు; లిథియము నూటయేబది మొదలు రెండువందల యేబదివరకు చేయగలదు. కనుక చేతిలో పట్టుకొను సాధనములకును, స్కూటరులకును లిథియమే తగినది. అందు వివాదము లేదు. ఉత్తరదేశపు పట్టణములలో ప్రయాణికులను మోయు విద్యుత్ రిక్షాలలో సీసపు బ్యాటరీని ప్రతిదినము తుదివరకు పిండి, ఏడాదికో అంతకు కొంచె మెక్కువకో పారవేయుచున్నారు. అది బ్యాటరీ నేరము కాదు, పనికి తగని చోట దానిని నియమించినవారి నేరము. కదలక యొక మూల కూర్చుండి, ఎల్లప్పుడు నిండుగ నుండి, అవసరమైనపుడు మాత్రము సాయపడు పని కిది సాటిలేనిది. క్షణమాత్రమున వందలకొలది ఆంపియరుల నీయగలదు. దీనికి సున్నితములైన కావలి యంత్రములు అక్కరలేదు. వెల తక్కువ.

ఉన్నదానిని సరిగ చూచుకొనుటయు మనకు రాదు. సేద్యపు పనులు ముగియగానే ట్రాక్టరును కొట్టములో నెట్టి, మరల తొలకరికి తాళము త్రిప్పి, బ్యాటరీ చచ్చినదని వర్తకుని తిట్టు రైతులను మేమెరుగుదుము. ఖాళీ చేసి వదలిన బ్యాటరీ పలకలమీద గంధకితము గట్టిపడి రాయివలె నగును. పిమ్మట నెంత విద్యుత్తు నెక్కించినను కరగదు. నెలకొకసారి నిండుగ నెక్కించి యుంచినచో నీ నష్టము తప్పును. పట్టణవాసు లిన్వర్టరులో స్వేదనజలమునకు మారు నూతినీరో కుళాయినీరో పోయుదురు. అందలి లవణములు పలకలను తినివేయును. రూపాయి నీటికి పొదుపుచేసి వేల రూపాయల వస్తువును పాడుచేసికొనుట యిదియే.

ఇక స్వదేశీ విషయము. లిథియము ఘటములలో నధికభాగము మనకు నేటికిని విదేశములనుండి, ముఖ్యముగ చీనానుండి, దిగుమతి యగుచున్నవి. సీసపు బ్యాటరీ సంగతి యట్లు కాదు. దానిని మొదటినుండి తుదివరకు చేయు నేర్పు మన దేశమున స్థిరపడినది. రాజస్థానమున రాంపురా ఆగూచా గనులయందు తుత్తునాగముతోపాటు సీసమును లభించుచున్నది. మన పలనాటి సీమలో అగ్నిగుండాల ప్రాంతమున బండలమోటు కొండయొద్ద హిందూస్థాన్ జింకు సంస్థవారు కొంతకాలము సీసపు గని నడపి మూసివైచిరి. చిత్తూరుసీమ పల్లెలో పుట్టి, అమెరికాలో నుద్యోగముచేసి తిరిగివచ్చిన గల్లా రామచంద్రనాయుడుగారు 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ, తిరుపతి చెంతనున్న కరకంబాడి కేంద్రముగ బ్యాటరీలు చేయుటలో దేశమునందలి పెద్ద సంస్థలలో నొకటియైనది. ఆ సంస్థయే 2023లో పాలమూరుసీమ దివిటిపల్లియొద్ద లిథియము ఘటముల కర్మాగారమునకు శంకుస్థాపన గావించినది. సీసమున నేర్చినవాడే లిథియమునకు సిద్ధపడగలడు. పాతదానిని తన్ని క్రొత్తదాని నందుకొనవలసిన పనిలేదు.

దీని కసలైన బలము వేరొకటి. చెడిపోయిన సీసపు బ్యాటరీని కరగించి మరల బ్యాటరీ చేయవచ్చును. మరల, మరల చేయవచ్చును. ఇంటి బ్యాటరీ బరువులో సగమునకు మించినది సీసమే. అమెరికాలో ఖనిజమునుండి సీసము తీయు చివరి కొలిమి 2013లో మూతపడినది. ఆ పిమ్మట నా దేశమున తయారగు సీసమంతయు పాత వస్తువులనుండి, ప్రధానముగ పాత బ్యాటరీలనుండి వచ్చునదే. ఇట్లు పూర్తిగ తిరిగివచ్చు వస్తువు లోకమున మిక్కిలి యరుదు.

ఆ తిరిగివచ్చు దారి మన దేశమున నెట్లున్నదో చూతము. ట్యూడరును చంపిన విషము సంగతి యిచ్చటనే రావలసియున్నది. మనము పాత బ్యాటరీని పాత సామానుల బేరగానికి అమ్ముదుము. అది చేతులు మారి యెక్కడనో ఊరిబయట కొలిమికి చేరును. అక్కడ గొడ్డలితో పెట్టెను పగులగొట్టుదురు. ఆమ్లమును కాలువలోనో పోరంబోకులోనో పారబోయుదురు. పలకలను బహిరంగముగ మూకుడులలో కరగింతురు. ఆ పొగయు ధూళియు పనివాని రొమ్మునను, వాని బట్టలను పట్టుకొని యింటిలోని బిడ్డల నోటను, చుట్టుపట్ల నేలమీదను చేరును. 2007, 2008 సంవత్సరముల నడుమ పశ్చిమాఫ్రికాలోని సెనెగల్ దేశమున, డాకర్ నగరపు శివారగు త్యారోయిలో నిట్టి పనివలన పదునెనమండుగురు పసిబిడ్డలు మరణించిరి. చావనివారి గతి యింకను విచారకరము. సీసము మెదడును మందగింపజేయును, ఆ నష్టము తిరిగి కూడదు. ఇంతవరకు నపాయము లేదని చెప్పదగిన పరిమాణమే లేదని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. 2020లో యూనిసెఫ్ ప్రకటించిన నివేదిక ననుసరించి, రక్తమున మితిమీరిన సీసము గల పిల్లలు లోకమున ఎనుబదికోట్లవరకు నుండగా, అందు సుమారు ఇరువదియేడున్నర కోట్లమంది మన దేశపు బిడ్డలు. ఇంత దోషమునకు బ్యాటరీ యొకటే కారణము కాదు. కాని పెద్ద కారణములలో నొకటి.

చట్టములు లేవా? కలవు. పాత బ్యాటరీలను తిరిగి తీసికొను బాధ్యతను వర్తకులపై మోపుచు 2001లో నిబంధనలు వచ్చెను. 2022లో వాని స్థానమున వచ్చిన క్రొత్త నిబంధనలు, తాము అమ్మిన బ్యాటరీలను వెనుకకు రాబట్టు పూచీని తయారుచేయువారిమీదనే పెట్టెను. కాగితముమీద లోటు లేదు. లోటంతయు బేరమున నున్నది. పొగగొట్టము, జల్లెడ, పనివారి రక్తపరీక్ష మొదలగు ఖర్చులు భరించు కర్మాగారముకంటె, ఏ ఖర్చును లేని దొంగకొలిమివాడు పాత బ్యాటరీకి పది రూపాయలు హెచ్చు చెల్లింపగలడు. సరకు హెచ్చు ధర కేసి పోవుట సహజమే. మొదట కొనునపుడే కొంత సొమ్ము ధరావతుగ పుచ్చుకొని, పాతది తెచ్చి యిచ్చినపుడు దానిని తిరిగి యిచ్చు ఏర్పాటు అమెరికాలో పెక్కు రాష్ట్రములయందు జరుగుచున్నది. అట్టి ధరావతును, దొంగకొలిమి హెచ్చు ధరను మించునట్లుగ, మన ప్రభుత్వములును నిర్ణయింపవలయునని మా యభిప్రాయము. వర్తకుడు పాతదానికి రసీదు వ్రాసియిచ్చుటయు, అది యే కర్మాగారమునకు పోయినదో పుస్తకమున చూపుటయు విధిగ జరుగవలెను. అధికారులు పెద్ద కర్మాగారముల గేటులయొద్దనే తనిఖీలు చేసి తృప్తిపడక, ఊరి పొలిమేరలకు గూడ నొకమారు పోయి చూడవలెను.

ఆ పొలిమేరల మాట యెత్తితిమి గనుక భూస్వాములకు స్పష్టముగ నొక సంగతి చెప్పుచున్నాము. దొంగకొలిమి ఆకాశమున వెలయదు. దానికి నేల కావలెను. ఊరికి దూరముగ, రోడ్డునకు దగ్గరగ, నీటి సదుపాయము గల చెక్క కావలెను. పంటకు వచ్చు కౌలుకంటె రెండింతలు మూడింతలు ముందుగనే చేత పెట్టి, ఇనుపసామానుల గోదామునకని చెప్పి, నోటిమాటమీద ఆ చెక్కను తీసికొందురు. ఆ చేను మా పాఠకులలో నెవరిదో కావచ్చును. కౌలుదారు రాత్రికి రాత్రి మూట కట్టుకొని పోవును. సీసము మాత్రము పోదు. వానకు కొట్టుకొనిపోదు, ఎండకు హరించిపోదు, పై జానెడు మట్టిలోనే తరతరములు కూర్చుండును. ఆ మట్టిలో పెరిగిన ఆకుకూర నెవరు తిందురు? ఆ గట్టుమీద మేసిన గేదె పాలెవరి బిడ్డలు త్రాగుదురు? కౌలిచ్చునపు డేమి పనికి ఇచ్చుచున్నారో పత్రమున వ్రాయించుడు. సీసము కరగించుటకు వీలులేదను షరతును చేర్పించుడు. నెలకొకమారు స్వయముగ పోయి చూడుడు. నేలమీద బూడిదయు పగిలిన నల్లని పెట్టెలును కనబడినచో కాలుష్య నియంత్రణ మండలివారికి వ్రాతమూలకముగ తెలుపుడు, నకలును దాచుకొనుడు.